వెనక్కి తోలిన బూడిద

వెంకటకృష్ణారావు మాట నమ్మి పొలంలో బూడిద పోయించుకున్నవాళ్ళు ఎర్రగుంటపాలెంలో చాలామందే ఉన్నారు. అందరికంటే ముందు పోయించుకున్నవాడు బుల్లిబాబు. అందుకని ఊళ్ళో వెంకటకృష్ణారావుని తిట్టే ప్రతి నోరూ బుల్లిబాబు కోసం కూడా ఒక తిట్టు మిగిల్చి పెట్టేది. పైగా వెంకటకృష్ణారావు అతనికి పెద్దమ్మ కూతురి మొగుడు, వరసకు బావ. బయటివాడు ముంచితే జనం అయ్యో అంటారు. బావ ముంచితే నవ్వుతారు.

చిల్లకల్లు దగ్గర హైవే దిగి లోపలికొస్తే గుట్ట పక్కన కంపెనీ చిమ్నీ కనబడుతుంది. ఊళ్ళ చెత్త తగలబెట్టి కరెంటు తీసే కంపెనీ. జగ్గయ్యపేట చెత్తతోనూ నందిగామ చెత్తతోనూ మొదలుపెట్టారు. ఆ పొయ్యికి అది చాలక కంచికచర్ల అవతలి నుంచి కూడా లారీలు రావడం మొదలైంది. ప్రారంభం రోజున షామియానా వేసి, మీ ఇంటి చెత్తే మీ ఇంటి దీపం అని మైకులో చెప్పారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో బుల్లిబాబూ ఉన్నాడు. దీపం సంగతి తర్వాత తెలిసింది. తీగలు ఎర్రగుంటపాలెం పొలాల మీదుగానే పోతాయి. కరెంటు ఎక్కడికో పోతుంది. ఊళ్ళో మోటార్లు మాత్రం ఎప్పటిలాగే త్రీఫేజు ఎప్పుడిస్తారా అని కాచుక్కూచుంటాయి. ఊరికి దక్కింది పొగ, కంపు, బూడిద.

ఆ బూడిదని దూరంగా తీసుకుపోయి, అడుగున పట్టా పరిచిన గోతిలో పూడ్చిపెట్టాలి. ఆ కాంట్రాక్టు వెంకటకృష్ణారావుది. గొయ్యి తవ్వడమెందుకు, డీజిలు తగలెయ్యడమెందుకు, పక్కనే బామ్మర్ది పొలం ఉండగా?

"బూడిద కాదు బామ్మర్దీ, బంగారం," అన్నాడు ఒకరోజు బుల్లిబాబు వాకిట్లో మంచం మీద కూచుని. "వేరే ఊరోళ్ళు మాకివ్వండి మాకివ్వండి అని నా ప్రాణం తీస్తన్నారు. ముందు మనోళ్ళకిచ్చి తర్వాత ఇంకోళ్ళకి అన్నాను. ట్రాక్టరు నీది, బూడిద నాది. ఊరికే తోలుకో."

ఇందులో ఎర్రగుంటపాలెం వాళ్ళ తెలివితక్కువతనం ఏమీ లేదు. పొయ్యిలో బూడిద ఎత్తి పారబోసే ఇల్లు ఆ ఊళ్ళో లేదు. పొద్దున్నే వంగ మొక్కల మీద, చిక్కుడు పాదు మీద బూడిద చల్లితే పురుగు చేరదు. మిరప నారుమడికి బూడిద చల్లుతారు. విత్తనాల్లో బూడిద కలిపి దాస్తారు. పత్తికట్టె కాల్చిన బూడిదైతే మరీ మంచిదని పక్కింటివాళ్ళు అడిగి పట్టుకుపోతారు. తాతల నాటి నుంచీ ఆ మట్టికి బూడిద మేలే చేసింది. పిల్లల డైపర్లు, చెప్పులు, మందుసీసాలు, టీవీ ముక్కలు కాల్చిన బూడిద కూడా బూడిదే అనుకున్నారు. ఆ నమ్మకం మీదే వెంకటకృష్ణారావు వ్యాపారం చేశాడు. బుల్లిబాబు ఆ పూట అతనికి కోడిని కోసి పెట్టాడు.

మొదటి లోడుకి కంపెనీ గేటు దగ్గర వరసలో ఉన్నప్పుడే బుల్లిబాబు ఒకటి చూశాడు.

కంపెనీ రాకముందు ఆ గుట్ట పక్కన ఉన్నది చెత్తదిబ్బ. కొత్తకాలనీ ఆడవాళ్ళు తెల్లారేసరికి గోతాలు భుజాన వేసుకుని దిబ్బ మీదికి పోయి, అట్టలు, ప్లాస్టిక్కు, ఇనుము, సీసాలు ఏరుకుని పేటలో అమ్ముకునేవాళ్ళు. కంపెనీ వచ్చి కాలే సరుకంతా మాదే, ఎవరూ ముట్టుకోవద్దని కంచె వేసింది. ఆ రోజు వాచ్‌మెన్లు ఆడవాళ్ళ గోతాలు కత్తులతో కోసి, ఏరిందంతా మళ్ళీ కంపెనీ చెత్తగుంతలోకి తన్నుతున్నారు. జెరూషా అనే పెద్దావిడ ఒక గోతాన్ని పట్టుకుని వదల్లేదు.

"బాట్రీలు, ట్యూబులైట్లు, సీసాలు మీకెందుకయ్యా? అవి కాలేయి కాదుగా. అవన్నా తీసుకుపోనీండి."

వాచ్‌మెన్ ఆవిణ్ణి గెంటాడు. ఆవిడ వచ్చి బుల్లిబాబు ట్రాక్టరు ముందు చక్రం దగ్గర పడింది. లేస్తూ అతని మొహంలోకి చూసింది. బుల్లిబాబు గుట్ట వైపు చూశాడు. వరస కదిలితే ట్రాక్టరు కదిలించాడు. ఆడదాని కోసం దిగితే లోడు పోతుంది. అప్పటికి అతని లెక్క అంతే.

బూడిద పోశాడు, దున్నాడు, మిరప వేశాడు. బుల్లిబాబు చేను చూసి మిగతావాళ్ళూ తోలుకున్నారు. మోకాలెత్తు వచ్చేదాకా మొక్క బాగానే ఉంది. తర్వాత ఆకు అంచులు నిప్పు అంటించినట్టు మాడాయి. పీకి చూస్తే వేరు నల్లబడింది. నీళ్ళు పెట్టి ఆరితే మట్టి మీద తెల్లగా చవుడు పేరింది. మళ్ళీ నారు పోశాడు, మళ్ళీ వేశాడు. రెండోసారి మోకాలెత్తు కూడా రాలేదు. బోరు నీళ్ళు ఉప్పగా తగిలాయి. గేదెలు తొట్టి దగ్గర మూతి పెట్టి వెనక్కి తిరుగుతున్నాయి.

ఊరు కంపెనీ మీదికి పోయేలా ఉందని తెలిసి వెంకటకృష్ణారావే ముందు ఊళ్ళోకి వచ్చాడు. పాలకేంద్రం అరుగు మీద మీటింగు పెట్టాడు. పక్కన ఇస్త్రీ చొక్కాలో కంపెనీ మేనేజరు, చేతిలో కాగితం.

"మీకు నష్టం జరిగింది. నేను కాదనట్లేదు," అన్నాడు వెంకటకృష్ణారావు. "కాని కంపెనీ బూడిద మంచిదే. చెత్తలో ఎవరో బాట్రీలు, పురుగుమందు డబ్బాలు కలిపారు. ఎవరు కలుపుతారు? దిబ్బ పోయిందని కడుపుమంటతో ఉన్నోళ్ళు కలుపుతారు. కాలనీ వాళ్ళు కలపగా చూశామని మీరంతా సంతకాలు పెడితే వాళ్ళ మీద కేసు నడుస్తది. మీకు కంపెనీ మానవత్వంతో పరిహారం ఇస్తది."

"మానవత్వం అంటే ఎకరానికి ఎంతండి?" అన్నాడు వెనక నుంచి ఒకడు. కొందరు నవ్వారు. మేనేజరు కూడా నవ్వాడు, కాని ఎంతో చెప్పలేదు.

"ముందు బుల్లిబాబు పెట్టాలి," అన్నాడు కల్యాణ్. అతనిది బుల్లిబాబు పక్క చేను. "మాకు దారి చూపించిందే ఆయన. నీ చేను చూసేగదయ్యా మేం పోయించుకుంది. పెట్టు. మమ్మల్ని ముంచింది చాలు, ఇప్పుడన్నా తేల్చు."

కలం బుల్లిబాబు చేతిలోకి వచ్చింది. ఆరో తరగతితో బడి మానేసినవాడు. సంతకం పెట్టడం తప్ప ఆ కలంతో అతనికి వేరే పని లేదు. ఆ సంతకం పెడితే పరిహారం వస్తుంది. పెట్టకపోతే చచ్చిన పొలం తప్ప అతనికి ఇంకేం లేదు. ఆ రెండూ అతనికి బాగానే తెలుసు.

"బావా, కాలనీ వాళ్ళని కంచె లోపలికి రానియ్యడం ఎప్పుడు మానేశారు?"

"అదెందుకిప్పుడు?"

"నేను మొదటి లోడుకి వచ్చినరోజే గెంటేశారు. జెరూషా నా చక్రం ముందు పడింది. ఆ రోజు నుంచి వాళ్ళు సీసా మూత కూడా ముట్టుకోలా. మరి ఎట్టా కలిపారు?"

"నువ్వు పోలీసోడివా? సంతకం అడిగితే ప్రశ్నలేస్తావేంది?" వెంకటకృష్ణారావు గొంతు తగ్గించాడు. "వాళ్ళు నీకేమవుతారయ్యా? మనవాళ్ళా?"

"కాదు. మనవాడివి నువ్వే. పోసింది కూడా నువ్వే."

బుల్లిబాబు సంతకం పెట్టకుండానే కలం కాగితం మీద పడేసి దిగి వెళ్ళిపోయాడు. వెనకాల సగంమంది సంతకాలు పెట్టారు. కల్యాణ్ కూడా పెట్టాడు. ఉన్నవాడికి ఈ దేశంలో పోలీసు ఉన్నాడు, కోర్టు ఉంది. అవి చాలనప్పుడు లేనివాణ్ణి లేనివాడి మీదికి ఉసిగొల్పే ఇలాంటి కాగితం ఉంది.

ఇంటికొచ్చేసరికి పెళ్ళాం నాగేంద్రమ్మకి కబురు ముందే చేరింది.

"పెట్టలేదంటగా," అంది చేటలో బియ్యం చూసుకుంటూ. "పౌరుషం నాటితే పండుద్దా మన చేలో?"

"ఆ చేలో ఇప్పుడు ఏదీ పండదు."

"మరి ఏం చేస్తావు?"

"వాళ్ళ బూడిద వాళ్ళకిచ్చేస్తా."

నాగేంద్రమ్మ చేట పక్కన పెట్టింది. "ఎట్టా ఇస్తావు? మట్టిలో కలిసిపోయిందిగా. మన చేలో నల్లమట్టి జానెడు. కింద సుద్ద. బూడిద కోసం పైమట్టి గీకితే మిగిలేది పొలం కాదు, సున్నపురాయి గని."

"ఇప్పుడు మాత్రం పొలమా అది? పురుగుమందు తాగి పడున్న మనిషి. ఊపిరాడుతున్నట్టు కనబడుద్ది, అంతే."

ఆ చేను ఆవిడ పుట్టింటివాళ్ళు చేసిన సాయంతో కొన్నది. ఆవిడ లేచి కొంగు దోపింది. "నేనూ వస్తా. నువ్వొక్కడివే గీకితే నీ దినం నాటిక్కూడా అవ్వదు."

ఊళ్ళో కూలీలు ఒక్కరూ రాలేదు. బుల్లిబాబు చేలో పార వేసినవాడికి తన పనుల్లో చోటుండదని వెంకటకృష్ణారావు చాటించాడు. బుల్లిబాబు కొత్తకాలనీకి వెళ్ళాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ వీధిలో కాలు పెట్టడం అదే మొదలు.

జెరూషా ఇంటి ముందు కృపాజ్యోతి ఉంది, ఇంకా నలుగురు దిబ్బ ఆడవాళ్ళు ఉన్నారు. జాయిస్ కూడా ఉంది. జాయిస్ పేటలో చెత్తబండి తోస్తుంది, కాంట్రాక్టు మనిషి, యూనియన్‌లో తిరుగుతుంది. కుర్చీ ఎవరూ వెయ్యలేదు. చేను గీకి ఆ మట్టి కంపెనీ గేటు ముందు పోస్తానని, చెయ్యి సాయం కావాలని బుల్లిబాబు నిలబడే చెప్పాడు.

"నిరుడు మేం మీ గట్టు మీద నడిస్తే కర్రుచ్చుకున్నావు," అంది జెరూషా. "దిబ్బ కంపు అంటుద్దన్నావు. ఇయ్యాల నీ చేలోకి రమ్మంటన్నావా బాబూ?"

"అన్నాను. ఆ మాట నాదే."

"గేటు దగ్గర పడినప్పుడు చూశావుగా?"

"చూశా. ట్రాక్టరు కదిలించా."

"పోనీ, నేను లేచేదాకన్నా ఆగి తోలావు. బతికాను." ఆడవాళ్ళు నవ్వారు. బుల్లిబాబు నవ్వలేదు.

"కూలి ఎంతిస్తారు?" అంది కృపాజ్యోతి.

"కూలి ఇయ్యడానికి నా దగ్గర లేదు. బదులు రండి."

నవ్వులు ఆగాయి. ఆ మెట్టలో బదులంటే అందరికీ తెలుసు. ఇవాళ నీ చేలో నేను, రేపు నా చేలో నువ్వు. డబ్బు చేతులు మారదు. కాని అది చేలున్నవాళ్ళు చేలున్నవాళ్ళతో చేసేది. కాలనీవాళ్ళని కూలికి పిలిచారుగాని బదులుకి ఎవరూ ఎన్నడూ పిలవలేదు. బదులు అంటే సమానమని.

"మాకు చేను లేదుగదండి," అంది కృపాజ్యోతి. "మా బదులు ఎక్కడ తీరుస్తారు?"

"కంపెనీ గేటు దగ్గర తీర్చమను," అంది జెరూషా. "ఆయన బూడిద పారబోసి ఇంటికి పోకుండా, మమ్మల్ని లోపలికి రానిచ్చేదాకా కూచోమను. అది మా చేను."

జాయిస్ ముందుకు జరిగింది. "ఒట్టి మీరూ, దిబ్బవాళ్ళే అయితే పోలీసులు గంటలో లేపేస్తారు. మా బళ్ళు పొద్దున చెత్త ఎత్తకపోతే వాళ్ళ పొయ్యికి మేత ఉండదు. పేటలో మేం ఆగుతాం, నందిగామ వాళ్ళతో నేను మాట్లాడతా. కాని రైతులు మధ్యలో పరిహారం అందగానే లేచిపోతే మా ఉద్యోగాలు పోతయ్యి. పోయినసారి సమ్మెలో తోడుంటామన్నోళ్ళు మమ్మల్ని అట్టాగే వదిలేశారు."

"నేను లేవను."

"మీ ఊరు?"

"ఊరి సంగతి నాకు తెలియదు. నా సంగతి చెప్పా."

"అబద్ధం చెప్పలేదు," అంది జెరూషా, జాయిస్‌తో. "ఊరంతా తన వెనకాల ఉందని చెప్పినట్టయితే ఇప్పుడే పొమ్మనేదాన్ని."

మర్నాడు పొద్దుటికి కాలనీ అంతా పారలు, గంపలతో బుల్లిబాబు చేలో ఉంది. జానెడు లోతు గీకి గట్టు మీద పోస్తున్నారు. నాగేంద్రమ్మ జెరూషా పక్కన వంగి గంపెత్తుతోంది. మధ్యాహ్నం ఆవిడ అందరికీ వండి తెచ్చింది. అదే గిన్నెల్లో, అదే గట్టు మీద అందరూ తిన్నారు. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు, ఒకరిద్దరు వెకిలిగా ఏదో అన్నారు. గీకిన చోటల్లా సుద్ద పైకి తేలి తెల్లగా ఎముకలా కనబడుతోంది. బుల్లిబాబు అటు చూడకుండా గీకాడు.

పని సాగుతుండగా సంతకాలు పెట్టినవాళ్ళు పరిహారం ఏదని కంపెనీకి పోయారు. మేనేజరు టీ ఇప్పించి, ప్రాసెస్‌లో ఉందన్నాడు. మరోసారి పోతే టీ కూడా లేదు. ఆ సంతకాలు చూపించి బూడిద తప్పు తమది కాదని కంపెనీ పైకి రాసుకుందని తెలిసింది. ఆ సాయంత్రం కల్యాణ్ ట్రాక్టరుకి బ్లేడు తగిలించుకుని బుల్లిబాబు చేలోకి వచ్చాడు. దిగి, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు:

"చేతుల్తో ఎంతకని గీకుతారు. ఇది అయ్యాక నా చేనూ గీకాలి. నేనూ బదులే."

"నీ సంతకం?" అంది కృపాజ్యోతి.

"దాన్నీ గీకాలమ్మా. ముందు మట్టి కానియ్యండి."

ట్రాక్టర్లు కదిలిన రోజు పేటలోనూ నందిగామలోనూ చెత్తబళ్ళు కదల్లేదు. పొద్దెక్కేసరికి కంపెనీ గేటు ముందు బుల్లిబాబు ట్రాక్టరుతో మొదటి ట్రక్కు మట్టి ఎత్తి పోశాడు. దాని పక్కన కల్యాణ్ పోశాడు. పోసినవాళ్ళు పోయి మళ్ళీ నింపుకొస్తున్నారు. లారీలు తూచే కాటా దారి మూసుకుపోయింది. కంచికచర్ల వైపు నుంచి వచ్చిన చెత్తలారీలు రోడ్డు మీద బారుగా ఆగిపోయాయి. లారీ డ్రైవర్లు దిగి బీడీలు ముట్టించుకున్నారు. ఖాకీ బట్టల్లోనే జాయిస్ వాళ్ళు చీపుళ్ళు పట్టుకుని వచ్చి కుప్ప చుట్టూ కూచున్నారు. సంగతి తెలిసి నందిగామ కాలేజీ పిల్లలు బస్సు దిగి నడిచొచ్చారు. బూడిద మీదా, మట్టి మీదా, ఎక్కడ చోటుంటే అక్కడ జనమే.

మేనేజరు గేటు లోపల నిలబడి మాట్లాడాడు. "ఈ బూడిద ల్యాబులో పరీక్ష చేయించాం. పూర్తిగా సురక్షితం. మీరు అనవసరంగా భయపడుతున్నారు."

"సురక్షితమేనా?" అంది జెరూషా.

"నూటికి నూరు పాళ్ళు."

"అయితే తలుపు తియ్యి సారూ. నీ ఆఫీసు ముందు పచ్చగడ్డి, గులాబీలు ఉన్నయ్యిగా. ఒక ట్రక్కు పోసి పోతాం. ఎరువు."

మేనేజరు వాచ్‌మెన్ వైపు చూశాడు. వాచ్‌మెన్ గేటు తాళం చేత్తో తడిమి చూసుకున్నాడు. జనం నవ్విన నవ్వు లారీల వరస చివరిదాకా పోయింది.

అప్పుడొచ్చాడు వెంకటకృష్ణారావు, కారులో, పోలీసు జీపు వెనకాలే. కుప్ప పక్కగా వచ్చి బుల్లిబాబు భుజం మీద చెయ్యి వేశాడు.

"బామ్మర్దీ, నీ ఒక్కడికి నేను వేరేగా చూస్తా. మా ఇంటావిడ అన్నం తినట్లేదు నీ గురించి. లే. వీళ్ళతో కూచోవడమేంది, పరువు తక్కువ."

"నా బదులు తీరలా బావా."

"ఏం బదులు? ఎవరికి?"

బుల్లిబాబు చెయ్యి చాపి చూపించాడు. గోతాల ఆడవాళ్ళు, చీపుళ్ళవాళ్ళు, కల్యాణ్, కొంగు బిగించుకుని మట్టిలో కూచున్న నాగేంద్రమ్మ. వెంకటకృష్ణారావు భుజం మీద చెయ్యి తీసేసి ఎస్సై వైపు తిరిగి తల ఊపాడు.

లాఠీలు లేచాయి. ముందు ఆడవాళ్ళని లాగుదామని చూశారు. ఆడవాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు మెలేసుకుని కుప్ప మీదికి ఎక్కారు. లాగినకొద్దీ మట్టి జారి పోలీసులే బూటు మునిగేదాకా కూరుకుపోయారు. జాయిస్‌కి నుదురు పగిలింది. కల్యాణ్ చెయ్యి బెణికింది. ఎత్తి వ్యాన్‌లో వేసినవాళ్ళ స్థానంలో వెనకవాళ్ళు వచ్చి కూచుంటున్నారు. జెరూషాని వ్యాన్ ఎక్కిస్తుంటే ఆవిడ మెట్టు మీద తిరిగి నిలబడి చిమ్నీ వైపు చూపించింది. లారీ ఒక్కటి కూడా లోపలికి పోకపోయేసరికి పొగ పల్చబడి, సన్నగా, దారప్పోగులా మిగిలింది. జనం అటు తిరిగి చూశారు. చూస్తుండగా అదీ తెగిపోయింది.

"మన చెయ్యి పడకపోతే వాళ్ళ పొయ్యి వెలగదు," అంది. కేక వెయ్యలేదు. ఇంట్లో పిల్లలకి చెప్పినట్టు చెప్పింది. గేటు దాకా వినబడింది.

వ్యాన్‌లో బుల్లిబాబు ఆవిడ పక్కన కూచున్నాడు. పెదవి చిట్లింది. మోచేతుల దాకా తెల్లగా బూడిద.

"బదులు తీరిందా జెరూషమ్మా?"

"ఇంకా తలుపు తియ్యలేదుగా," అంది ఆవిడ. "అప్పుడే తీరిందంటే ఎట్టా?"

స్టేషన్‌లో పేర్లు రాస్తున్నారు. జెరూషా తన వృత్తి దిబ్బ అని చెప్పింది. రైటరు చెత్త ఏరుకోవడం అని రాసుకున్నాడు. బయట గేటు దగ్గర ఇంకా ట్రాక్టర్లు వస్తున్నాయని, పక్క ఊరివాళ్ళు కూడా తమ బూడిద తెస్తున్నారని వైర్‌లెస్సులో ఎవరో అరుస్తున్నారు. ఎస్సై సెట్టు శబ్దం తగ్గించి బుల్లిబాబుని పిలిచాడు.

"రైతువి. సంసారివి. వీళ్ళతో నీకేం పనయ్యా? జామీను ఇస్తే ఇప్పుడే పంపించేస్తా. పొలం ఉందా నీ పేరున?"

"ఉండేదండి. ఎకరం అరవై ఎనిమిది సెంట్లు. సగం కంపెనీ గేటు ముందుంది. మిగతా సగం రేపు తోలతారు."